పాత ప్రెస్సుల బీరయ్య గొంతు

యాకుత్‌పురా స్టేషన్ ఎనక సందుల పాత ప్రింటింగ్ ప్రెస్ ఒకటుంది. పొద్దుగూకినంక అటు సవారీ అంటే, పైసలు డబల్ ఇస్తనన్నా నేను ఆటో తిప్పుకొని పోయేటోన్ని. నవ్వకుండ్రి. మీరు గూడ పోయేటోళ్ళు కాదు.

ఆ ఇల్లు పేర్లు పిలుస్తదని బస్తీ అంత మాట. లైటుండదు, దీపముండదు. పైన అర్రల ఎవలో ఒక పేరు చెప్తరు... ఎంటనే మస్తు గొంతులు కలిసి గదే పేరు పిలుస్తయి. మా పక్కింటి చింటు మేనమామ అటుకెల్లి పోతుంటే తన పేరే ఇనొచ్చిందంట — జ్వరమొచ్చి మంచం పట్టిండు.

గసువంటి ఇంటికి పోయిండు మా ఓదెలు. వాడే నా ఆటోల కూసోని ఇదంత చెప్పిండు. "నలుగురికి చెప్పు అన్నా, ఫికర్ లేదు," అన్నడు.

ఓదెలు కంచన్‌బాగ్ దిక్కు వెల్డింగ్ పని చేస్తడు. పనిమంతుడే, కాని పాడు తాగుడు. ఇంట్ల లొల్లి పెరిగి పెరిగి, పెండ్లాం మహేశ్వరి బిడ్డ స్వీటీని తీస్కొని మలక్‌పేటల తల్లిగారింటికి పోయింది. పోయేటప్పుడు ఒక్కటే మాటన్నది.

"తాగుడు మానేటోళ్ళ మీటింగ్ ఉంటదంట. దాంట్లకు పోయి కూసుంటే వస్త. లేకుంటే స్వీటీకి నాయిన లేడనే చెప్త."

వాడు ఎట్లనో నంబర్ దొరకబట్టి ఫోన్ చేసిండు. అవతల మనిషి మెల్లగ చెప్పిండు.

"స్టేషన్ ఎనక సందు. పాత ప్రెస్. మెట్లెక్కి పైకి రా. బోర్డు పెట్టం భాయ్... వచ్చేటోళ్ళ ఇజ్జత్ కోసం."

మీటింగ్ అంటే ట్యూబ్‌లైట్లు, మైకు ఉంటయనుకున్నడు ఓదెలు, పాపం.

సందు మొదట్ల ఖదీర్ పాన్ డబ్బా. ప్రెస్ ఏడుందని అడగంగనే ఖదీర్ చెయ్యి ఆగిపోయింది.

"ఈ టైంల అక్కడికా? పాగల్ హువా క్యా?" గొంతు తగ్గించిండు. "ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే పలకకు భాయ్. ఉల్టా తిరిగి వచ్చెయ్."

అయినా పోయిండు. చేతులు వణుకుతున్నయి — పొద్దుగాల సంది చుక్క ముట్టలేదు. ఎనక వైన్స్ లైట్లు ధగధగ మెరుస్తున్నయి. ముందట ప్రెస్సు, నల్లగ.

తలుపుకు తాళం లేదు. లోపల పాత సిరా వాసన. మెట్టు మీద కాలు పెట్టిండో లేదో —

"నా పేరు విమల..."

ఆడమనిషి గొంతు. తర్వాత ఏదో గుసగుస, ఇనబడలేదు.

"విమలా!" మస్తు గొంతులు, ఒక్కపారి.

మీటింగే కావొచ్చులే అని గుండె దిటవు చేసుకున్నడు. ఇంకో మెట్టెక్కిండు.

"నా పేరు బీరయ్య..."

ఓదెలు ఒళ్ళంత చల్లబడ్డది. ఆ గొంతును నిద్రల గూడ పోల్చుకుంటడు వాడు. బీరయ్య, ప్రకాశం, డానియేలు, ఓదెలు — నలుగురు రోజూ ఒక్క బల్ల కాడ తాగిన దోస్తులు. నిరుడు వానకాలం బీరయ్య నెత్తురు కక్కుకుంటే దవఖానకు తీస్కపోయిండ్రు. మళ్ళ రాలేదు. ఇంటోళ్ళు గూడ ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రు. సచ్చిపోయిండనే అనుకున్నరు అందరు. తాగేముందు పోయినోళ్ళ పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద ఒంపి సాక పోస్తం గదా... బీరయ్యకు గట్లనే పోసిండ్రు. చర్చికి పోయే డానియేలు గూడ పోసిండు. ఏడ్సిండ్రు. మళ్ళ తాగిండ్రు.

ఆ బీరయ్య ఇప్పుడు పైన చీకట్ల పేరు చెప్తుండు.

"బీరయ్యా!" అన్నయి గొంతులు.

ఓదెలు కిందికి ఉరికిండు. గడప దాటి సందులకొచ్చి పడ్డడు. ఒక్క క్వార్టర్ ఏస్తే ఈ వణుకు పోతది, ఈ భయం పోతది... కాళ్ళు వైన్స్ దిక్కే తిరిగినయి.

స్వీటీ యాదికొచ్చింది. అటు పోతే బిడ్డ రాదు. ఇటు పోతే పాణం ఉంటదో, పోతదో. నడి సందుల నిలబడి బోరున ఏడ్సిండు.

"తాగి సచ్చే బదులు దెయ్యం చేతులనే సస్త," అనుకున్నడు.

మెట్లెక్కిండు. తలుపు నూకిండు.

చీకట్ల గుండ్రంగ కూసున్న మనుషులు... ఒకడు లేచిండు. దగ్గరికి వస్తుండు... ఇంకా దగ్గరికి... చెయ్యి పట్టుకున్నడు.

ఆ చెయ్యి ఎచ్చగుంది.

"ఓదెలూ? నువ్వేనారా?"

ఎవలో లైటేసిండ్రు. బీరయ్యే! జర ఒళ్ళు చేసిండు, మొఖం తేటగుంది. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మూలకు చాయ్ ఫ్లాస్కు.

"సిగ్గుతోని నోరు రాదు గదరా, అందుకే లైటు తీసేసి మాట్లాడుకుంటం," అన్నడు బీరయ్య. "ఒకలు పేరు చెప్తే అందరం పేరు పెట్టి పలకరిస్తం."

"నువ్వు... సచ్చిపోలేదా అన్నా?"

"తాగుడు మానిన. మిమ్ముల చూస్తే మళ్ళ తాగుతనని భయం. చెప్పకుంట ఇల్లు మారిన." బీరయ్య కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "మీరు ముగ్గురు గూడ రావాలని మొక్కని దినం లేదురా. ప్రకాశం, డానియేలు ఏరి? కింద నిలబడ్డరా?"

బీరయ్య మెట్ల దిక్కు తొంగి చూసిండు.

"సిగ్గు పడుతున్నరా? పిలువురా... పైకి రమ్మను."

"ఏడికెల్లి పిలవాలె అన్నా," అన్నడు ఓదెలు. "డానియేలు ఈస్టరుకు ముందు పోయిండు. ప్రకాశం మొన్న దసరాకు. నేనొక్కన్నే మిగిలిన."