ముప్పై ట్యూబుల సీరం

"మేడమీద గదిలో ఉంటాడే, ఆ ఫ్రిజ్ మెకానిక్, మనిషి కాదటమ్మా, బండరాయట. తోడబుట్టిన అక్క పోయినా కంట్లో చుక్క రాలేదట. ఇంటింటికీ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు గానీ, ఆర్నెల్లుగా చెడిపోయి పడున్న సొంత ఫ్రిజ్‌కి ఒక్క స్క్రూ తిప్పలేదట."

పక్కింటి పిన్నిగారు ఇస్త్రీ ఆవిడతో అన్న ఈ మాటల్ని చీఫ్ ఫైల్లోంచి చదివి, కళ్ళజోడు తీశాడు.

"నీ మెకానిక్ వేషం భేషుగ్గా ఉందోయ్. పిన్నిగారికే దొరకనివాడివి, శత్రువుకేం దొరుకుతావు?"

ఏజెంట్ నవ్వలేదు.

"సీరం బ్యాంకులో మీ అక్క రక్తం నుంచి తీసిన సీరం ఉంది. ముప్పై ట్యూబులు. పోయినేడు ఊళ్ళని ఊడ్చేసిన ఆ కొత్త జ్వరం సోకి బతికిన నర్సు ఆవిడొక్కతే. మన టీకా పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ఆ సీరంతోనే పోల్చి చూడాలి. పదకొండింటికి వ్యాన్ వస్తుంది. ఈలోగా విదేశీ ముఠా ట్యూబులు మార్చేస్తే మన టీకా ఉత్తదని తేలుతుంది. జ్వరం మళ్ళీ మొదలైంది. నిన్న పదిహేడు మంది పోయారు."

"లోపల మనవాళ్ళు?"

"నెమలి. అక్కడి ల్యాబ్‌లోనే పని. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు మోస్తోంది."

జ్వరాన్ని గెలిచిన అక్క ఆర్నెల్ల క్రితం లారీ కింద పోయింది. ఏజెంట్ టూల్‌బాక్సు తీసుకుని లేచాడు.

సీరం బ్యాంకు ల్యాబ్‌లో నెమలి తెల్లకోటు మీద సిల్కు స్కార్ఫ్ చుట్టుకుని ఉంది. భుజానికి పెద్ద స్టీలు ఫ్లాస్కు. ఆమె సెంటు ముందు స్పిరిట్ వాసన కూడా ఓడిపోయింది.

"కంప్రెసర్ వేడెక్కిందా?" అన్నాడు.

"వేడెక్కలేదు, అలిసింది." కోడ్ సరిపోయింది. "అన్నీ భద్రం. ట్యూబుల డబ్బాకి సీలు వేశాను, మీరు వెళ్ళొచ్చు."

అతను సీలు తెంచాడు. మంచుముక్కలా ఉన్న ఒక ట్యూబు తీసి పిడికిట్లో కరిగించాడు. పసుప్పచ్చటి నీరు. అరలోని కాల్షియం సీసా నుంచి రెండు చుక్కలు వేసి, మళ్ళీ పిడికిట్లో పెట్టుకున్నాడు.

"మెకానిక్కువి, వైద్యం కూడానా?" నెమలి కిలకిలా నవ్వింది.

నాలుగు నిమిషాల తర్వాత ట్యూబు తిరగేశాడు. చుక్క జారలేదు. నీరు జున్నులా పేరుకుంది.

"రక్తం గడ్డకట్టాక పైన తేలేది సీరం. అది ఇంక గడ్డకట్టదు. ఇది ప్లాస్మా, కాల్షియం తగిలితే గడ్డకడుతుంది," అన్నాడు. అన్నం తింటూ అక్క వందసార్లు చెప్పిన పాఠం. "బ్లడ్ బ్యాంకు సంచీలోంచి నింపావు కదూ?"

"రెండూ పచ్చగానే ఉన్నాయని..." నెమలి నాలుక కరుచుకుంది. వెంటనే ఫ్లాస్కు మూత తిప్పి, చల్లటి పొగలు కక్కుతున్న చిన్న పిస్తోలు తీసింది.

గురి అతని గుండెకి. చావంటే ఇదన్నమాట, అనుకున్నాడు. భయం కోసం వెతికాడు. దొరకలేదు.

ట్రిగ్గర్ కదల్లేదు. అతనూ కదల్లేదు.

ఫ్లాస్కులోని డ్రై ఐసు చలికి పిస్తోలులో నూనె బిగుసుకుపోతుందన్న సంగతి, ఆమె చేతిలోంచి దాన్ని లాక్కున్నాక గానీ ఆ ఫ్రిజ్ మెకానిక్‌కి తట్టలేదు. ఫ్లాస్కు అడుగున అసలు ట్యూబులు ముప్పై, ఒక్కటీ కరగకుండా ఉన్నాయి. పదకొండుకి ఒక్క నిమిషం ఉందనగా వ్యాన్ డ్రైవరు సంతకం పెట్టాడు.

నెమలిని గార్డులు తీసుకెళ్ళాక చీఫ్ వచ్చాడు. ఏజెంట్ తెంచిన సీలు ముక్కలు ఏరుతున్నాడు.

"టెస్టుకి ఇరవై తొమ్మిది చాలట," చీఫ్ మెల్లగా భుజం మీద చెయ్యి వేశాడు. "ఒకటి మిగులుతుంది. అక్క గుర్తుగా ఇంట్లో పెట్టుకుంటావేంట్రా?"

"మా ఇంట్లో ఫ్రిజ్ పనిచెయ్యదు సార్."