మందు తూచేటప్పుడు మాట్లాడకు

షాపులో డబ్బాలకు డబ్బాలు దొరుకుతుంటే గ్యారేజీలో కూర్చుని తూటాలు నింపుకోవడం ఏం పోయేకాలం అని నన్ను అడగనివాడు మా ఊళ్లో లేడు. అడగనీండి. వాళ్లకి ఆదివారం టీవీలో ఫుట్‌బాల్ ఉంది, నాకు ఇది ఉంది. నేనెవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

ఇంగ్రిడ్ నన్ను మొదటిసారి తిట్టింది కూడా ఈ పిచ్చి వల్లే.

ఆ రోజు తుపాకులు కాల్చే షూటింగ్ రేంజిలో సన్నగా వాన పడుతోంది. అందరూ వెళ్లిపోయారనుకుని, ఎవరో కాల్చి వదిలేసిన ఇత్తడి తొడుగులు ఏరుకుంటున్నాను. సొంతంగా తూటాలు నింపుకునే మాకవి బంగారం. కాల్చిన తొడుగుని కడిగి, సరిచేసి, కొత్తగా తుపాకిమందు పోసి గుండు బిగిస్తే మళ్లీ తూటా అవుతుంది.

"ఏయ్ దొంగా! అక్కడ పెట్టు."

తలెత్తాను. నడుం మీద చేతులు పెట్టుకుని వానలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆ చూపుకి చేతిలో ఉన్నవన్నీ జారిపోయాయి.

"ఇవి నీవని పేరు రాసుందా?" అన్నాను బింకంగా.

"రాసుంది. అడుగు తిప్పి చూడు."

తిప్పాను. ప్రతి తొడుగు అడుగునా గోళ్లరంగు చుక్క ఎర్రగా మెరుస్తోంది. ఆమె గోళ్లకీ అదే రంగు. అడక్కుండా ఒకరి ఇత్తడి ముట్టుకోవడం మా వాళ్లలో తల దించుకోవాల్సిన తప్పు. దించుకున్నాను.

"సారీ. ఎవరూ లేరనుకున్నా."

"దొంగలందరూ అలాగే అనుకుంటారు."

అప్పుడు గుర్తుపట్టాను, ఇంగ్రిడ్ అని. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క తుపాకుల షాపు వాళ్ల నాన్న ఆర్న్ హాగెన్ గారిది. షాపులో గోడ నిండా కంపెనీ తూటాలే. మందు పొడి అడిగితే మాత్రం ఆయన తలుపు చూపిస్తాడు. నేను చాలాసార్లు ఆ తలుపులోంచి బయటికి వచ్చినవాణ్ణే.

"మీ ఇంట్లో అన్ని తూటాలుంటే నీకీ ఖాళీలెందుకు?"

ఆమె గొంతు తగ్గించింది. "దాచుకుంటున్నా. ఎప్పటికైనా నా తూటా నేనే నింపుకోవాలని. నాన్నకి తెలిస్తే చంపేస్తాడు."

"మా గ్యారేజీలో తూటాలు బిగించే ప్రెస్ ఉంది. కావాలంటే నేర్పుతా."

"దొంగ దగ్గర చదువా? ఛీ!" అంది.

శనివారం పొద్దున్నే హకిల్‌బెర్రీ పళ్లు కూరి కాల్చిన పై ఒకటి పట్టుకుని వచ్చేసింది.

ఆ పని ఎందుకంత బాగుంటుందో చెప్పమంటే ఏం చెప్పను? మసిబారిన తొడుగు మెరుస్తూ బయటికొస్తుంది. ప్రెస్ లివరు లాగితే చేతికి చిన్న పట్టు తగిలి, మెత్తగా దిగుతుంది. ప్రపంచంలో మిగతావన్నీ ఎవడో చేసి డబ్బాలో పెట్టి మన మొహాన కొడతాడు. ఇదొక్కటీ మొదట్నుంచి చివరిదాకా మన చేతిలోదే. ఇంగ్రిడ్ తన మొదటి తూటాని అరచేతిలో పెట్టుకుని, "నేనే చేశా, కోల్బీ! నేనే!" అని గ్యారేజీ అంతా గంతులేసింది. నా పని ఆ రోజే అయిపోయింది.

కానీ మనసులో మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. పైగా మా పనిలో ఒక గట్టి నియమం ఉంది. మందు తూచి పోసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. రేడియో కట్టేయాలి, ఫోను అవతల పెట్టాలి. ధ్యాస తప్పి ఒకే తొడుగులో రెండుసార్లు పోశామా, తుపాకీ మొహం మీదే పేలుతుంది. అందుకని పక్కపక్కనే కూర్చుని కూడా నోళ్లు కుట్టేసుకునేవాళ్లం. ఆమె కనురెప్ప వాలితే నాకు వినబడేది.

ఒక శనివారం నేను వరసగా మందు పోసుకుంటూ వెళ్తున్నాను.

"నువ్వంటే నాకిష్టం," అంది ఇంగ్రిడ్.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఎందులో పోశానో, ఎందులో పోయలేదో ఒక్కటీ గుర్తులేదు. తొడుగులన్నీ తిరగేసి మందంతా మళ్లీ డబ్బాలో పోసేశాను.

"నీకేమైనా మతి ఉందా? ఇదా చెప్పే సమయం?"

"వేరే సమయంలో చెప్తే ఏదో జోకేసి తప్పించుకుంటావు. ఇప్పుడు నోరు మూసుకుని వినాల్సిందే కదా!"

"నియమం నియమమే, ఇంగ్రిడ్."

"అబ్బో! సరే, మందు అవతల పెట్టాంగా. ఇప్పుడు జవాబు చెప్పు."

చెప్పాను. ఆ రోజు ఇక ఒక్క తూటా కూడా నింపలేదు.

చిన్న ఊళ్లో రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది? వేటల కాలం దగ్గరపడుతుండగా హాగెన్ గారు నేరుగా గ్యారేజీలోకే వచ్చేశారు. ప్రెస్ ముందు కూతుర్ని చూసి నిలువునా బిగుసుకుపోయారు.

"నా కొట్లో తూటాలు చాల్లేదా నీకు?"

"అవి నీ కొట్లోవి, నాన్నా. ఇవి నావి."

"ఇటు చూడు." ఆయన చెంప మీద కంటి దాకా పాకిన కాలిన మచ్చని చూపించారు. "ఇది ఎలా వచ్చిందనుకున్నావు? స్టవ్ దగ్గరని చెప్పాను, అబద్ధం. నా ప్రాణస్నేహితుడు నింపిచ్చిన తూటా చేసిన పని ఇది. వాడి చేతిలో దానికి రెండుసార్లు మందు పడింది. ఇవాళ్టితో ఈ పని ఆపెయ్. కొనకుండా నింపుకునే ఈ పిసినారి కుర్రాణ్ణీ వదిలెయ్. లేదంటే ఈ ఏడు వేటకి నాతో రాకు. ఇంక ఎప్పుడూ రాకు."

చిన్నప్పట్నుంచి ప్రతి ఏడూ తండ్రీకూతుళ్లు కలిసే దుప్పుల వేటకి కొండెక్కుతారు. తల్లి పోయాక వాళ్లిద్దరికీ మిగిలిన పండగ అదొక్కటే. ఇంగ్రిడ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కోసం తండ్రిని పోగొట్టుకోవద్దని చెప్పబోయాను.

"నువ్వు మాట్లాడకు," అంది నాతో. తండ్రి వైపు తిరిగింది. "అయితే నేనొక్కదాన్నే ఎక్కుతా. నా తూటాలతోనే ఎక్కుతా."

వేట మొదలయ్యే ముందు ఆదివారం ఊరంతా రేంజిలోనే ఉంటుంది, తుపాకులు సరిచూసుకోవడానికి. ఇంగ్రిడ్ తన తూటాలతో గురి చూసి కొడుతోంది. కాగితం మధ్యలో చిల్లులన్నీ గుత్తిగా పడుతున్నాయి. చప్పట్లు కొట్టేవాళ్లు కొడుతున్నారు, మూతి విరిచేవాళ్లు విరుస్తున్నారు. హాగెన్ గారు తన తుపాకీ పట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. కాగితం మీది చిల్లులు లెక్కపెట్టారు.

"ఒకటి ఇలా ఇవ్వు," అన్నారు చివరికి. "నేను పేలుస్తా."

ఒకరు నింపింది ఇంకొకరు పేల్చడం మా వాళ్లలో లేదు. అందులోనూ ఆయన! కూతురు దూరమైపోతుందన్న భయంతో ప్రాణాన్ని పణంగా పెడుతున్నాడు పాపం. హమ్మయ్య, ఒప్పుకున్నారనుకున్నాను.

"ఇవ్వను," అంది ఇంగ్రిడ్.

"ఏంటీ?"

"ఇవ్వను నాన్నా. అప్పుడు స్నేహితుడి మీద ప్రేమతో పేల్చావు. ఇప్పుడు నా మీద ప్రేమతో పేలుస్తానంటున్నావు. అలా నమ్మొద్దు. మందు నువ్వే తూచు. నీ తూటా నువ్వే నింపుకో. నేను నేర్పిస్తా."

ఆయన మొహం ఎర్రబడింది. తుపాకీ సర్దుకుని వెళ్లిపోయారు. ఇంగ్రిడ్ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా నా భుజం మీద ఏడ్చింది.

మర్నాడు కొట్టు మూసేసి ఆయన గ్యారేజీకొచ్చారు. కోటు విప్పి, నన్ను పలకరించకుండానే స్టూలు మీద కూర్చున్నారు. చేతులు వణుకుతున్నాయి.

"వణికితే ఏం చెయ్యాలి?" అన్నారు కూతురితో.

"ఆగాలి. తగ్గేదాకా ఆగొచ్చు. మనకేం తొందర లేదు."

ఆగారు. తూచారు. నచ్చక మళ్లీ తూచారు. సాయంత్రానికి గుప్పెడు తూటాలయ్యాయి. చివరిదాన్ని వెలుతురులో పెట్టి చిన్నపిల్లాడిలా తిప్పి తిప్పి చూసుకుంటుంటే, ఏడ్చేస్తామేమోనని నాకూ ఇంగ్రిడ్‌కీ ఒకరి మొహం ఒకరు చూసుకునే ధైర్యం లేకపోయింది.

ఆ వారంలోనే రేంజిలో ఆయన తుపాకీ భుజానికెత్తగానే అందరూ పని ఆపి ఇటే చూశారు. ఆయన కళ్లు మూసుకుని, తెరిచి, పేల్చారు. కాగితం అంచున చిల్లు పడింది. గురి సంగతి దేవుడెరుగు, మనిషి నవ్వుతున్నాడు. వెనక నుంచి ఎవడో గొణిగాడు, "హాగెన్ కూడా పిసినారైపోయాడ్రా!"

ఆయన గిర్రున తిరిగారు.

"అవును, అయ్యా! మా అమ్మాయి నేర్పింది. మా అల్లుడి గ్యారేజీలో నింపుకున్నా. నీకేమైనా నొప్పా?"

మేమింకా పెళ్లి మాట దాకా రానేలేదు. ఇంగ్రిడ్ మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"విన్నావుగా," అంది. "మరి ఎప్పుడడుగుతావు?"