పక్కింటి దాకా బస్రా ప్రయాణం

గురువారం పొద్దున విఠల్‌రావు బస్రాకు బయలుదేరి, పక్కింటి దాకా వెళ్ళి ఆగిపోయాడు.

తలుపు తీసింది నళిని. అతని నుదుట ఇంకా తడి ఆరని కుంకుమ బొట్టు, చేతిలో తెల్లటి బట్టల మూట.

"ఏంది గది?"

"నేనే."

"నువ్వు నా ముంగట నిలబడ్డవ్ గదా. చేతిలున్నదేందని అడుగుతున్న."

"గది కూడ నేనే. ఇప్పుడే బస్రాకు బయలెల్లిన. ఇగ మూడేండ్లదాంక రాను. జర నన్ను లోపల పెట్టు."

నళిని మూటను చూసింది, మనిషిని చూసింది. రెండింటిలో మూటే కాస్త నయంగా కనిపించినట్టు దాన్ని అందుకుంది.

విషయం ఏమిటంటే, బస్రా స్టీమరు ఎక్కాలంటే బొంబాయి పోవాలి, ఆ రైలు శనివారం సాయంత్రం. మంచి ఘడియ మాత్రం గురువారం పొద్దున. రైళ్ళు పంచాంగం చూసి నడవవు కాబట్టి దానికి పెద్దలు ఎప్పుడో ఓ ఉపాయం పెట్టి ఉంచారు. వెళ్ళే దిక్కున ఉన్న వేరే వాళ్ళ ఇంట్లో, ముహూర్తం వేళకు, వెళ్ళేవాడి బట్టలు మూటకట్టి పెడతారు. ప్రస్థానం పెట్టడం అంటారు దీన్ని. మూట గడప దాటితే మనిషి ఊరు దాటినట్టే. ఆ మూటను నేల మీద పెట్టకూడదు, అక్కడ పెట్టాక విప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అది మళ్ళీ అతని ఇల్లు చేరకూడదు. చేరిందా, ప్రయాణం ఆగిపోయినట్టు లెక్క.

బొంబాయి పడమట. హుస్సేనీ ఆలం వాడలో విఠల్‌రావు ఇంటికి పడమటి ఇల్లు ఈశ్వరయ్యగారిది. ముహూర్తం పెట్టిందీ ఆయనే. గుళ్ళో పంచాంగం చెప్పే ఆ ఈశ్వరయ్యగారి ఒక్కగానొక్క కూతురు నళిని.

"నిన్ను ఎక్కడ పెట్టాలె? ఉట్టి మీదనా, బియ్యం డబ్బా మీదనా?"

"ఎక్కడైతేంది. నేల మీద తప్ప."

"యాళకింత తిండి గిట పెట్టాల్నా?"

"పెడ్తె వద్దంటనా?"

నళిని నవ్వలేదు. విఠల్‌రావు ఆ నవ్వు కోసమే చూస్తున్నాడు. అసలు ఈ మూటను ఇంటికి పెద్దదిక్కైన మేనత్త పుష్పమ్మ తెస్తానంటే, వద్దని తనే తెచ్చాడు. అతనికి నళినిని ఒకే ఒక్క మాట అడగాలి. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని. చిన్నప్పటి నుంచి ఒకే గోడకు అటూ ఇటూ పెరిగిన పిల్లను ఆ ఒక్క మాట అడగడానికి ఏడాదిగా తడుముకుంటున్నాడు. ఇప్పుడు ఇంకా రెండు రోజులే ఉంది.

"నళినీ..."

"ఊఁ."

"బస్రాల మస్తు ఎండలట. దుమ్మట. ఆడోళ్ళకైతే మరీ కష్టమట."

అడగాల్సిన మాటకు ఇది మొదటి సగం. రెండో సగం, 'అయినా నాతో వస్తవా' అనేది, గొంతులోనే ఉండిపోయింది.

నళినికి మొదటి సగమే వినిపించింది. దాని అర్థం కూడా ఆమెకు చక్కగా తెలిసిపోయింది. నిన్ను తీసుకుపోను, ఆశ పెట్టుకోకు అని.

"అట్లనా? మంచిది. పోయినంక ఖర్జూరాలు పంపు," అని తలుపు వేసేసింది.

అది పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం. సర్కారు కచేరీలో నక్షాలు, అంటే కట్టడాల పటాలు, గీసే విఠల్‌రావుకు బస్రా రేవులో అదే పని దొరికింది. జీతం రెట్టింపు. వాడకట్టంతా మెచ్చుకుంది. ఒక్క విఠల్‌రావుకే, తను సంతోషంగా ఉన్నాడో లేడో తేలడం లేదు.

*

ఇక ఆ మధ్యాహ్నం జరిగింది మీకు చెప్పేస్తాను. ఆ రెండిళ్ళ వాళ్ళకు మాత్రం ఆదివారం దాకా తెలియలేదు.

నళిని మూటను వసారాలో బల్ల మీద పెట్టింది. విడిచిన బట్టల మూట ఆ బల్ల పక్కనే ఉంది. చాకలి సాయిలు వచ్చి "బట్టలేయుండ్రమ్మా" అంటే, లోపల మొహం ముడుచుకుని కూర్చున్న నళిని తల కూడా ఎత్తకుండా "బల్లకాడున్న మూట తీస్కపో" అంది. సాయిలు బల్ల మీది మూట తీసుకుని రెండడుగులు వేశాక అనుమానం వచ్చి విప్పి చూశాడు. తను ఉతికి మడత పెట్టిన ధోవతి, లాల్చీ. అంచున పుష్పమ్మగారి ఇంటి గుర్తు. ఉతికిన బట్టలు పొరపాటున పక్కింటికి చేరాయి కాబోలు అనుకుని, మళ్ళీ ముడివేసి తీసుకెళ్ళి, పుష్పమ్మగారి అరుగు మీద పెట్టి తన దారిన తను పోయాడు. అతని తప్పేమీ లేదు.

కాసేపటికి పుష్పమ్మ అరుగు మీదికి వచ్చింది.

"వామ్మో! విఠలా! నీ ప్రస్థానం ఇంటికొచ్చిందిరా! ఎవరు పంపిన్రో చూడు! ఆ నళినే! పయనం పాడు చేసింది గదరా!"

"లొల్లి చెయ్యకే అత్తా. ఇంటరు."

"వినని! పంచాంగం చెప్పెటోళ్ళ ఇంట్ల గింత పద్ధతి తెల్వదా?"

పద్ధతి తెలియకపోవడమా? ఆ సంగతే విఠల్‌రావు బుర్రలో గిర్రున తిరిగింది. నళినికి పద్ధతి తెలుసు. మూట తిరిగి వస్తే ప్రయాణం ఆగుతుందని ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసే పంపింది. అంటే వెళ్ళొద్దంటోంది! నోటితో అనలేక మూటతో అంది!

పుష్పమ్మ తిడుతూనే ఉంది. విఠల్‌రావు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నాడు.

పక్కింట్లో ఈశ్వరయ్యగారు బల్ల ఖాళీగా ఉండడం చూశారు.

"మూటేది బిడ్డా?"

నళిని వచ్చి చూసి నిలబడిపోయింది. సాయిలుకు చెప్పిన బట్టల మూట కిందే ఉంది, సరే, వాడు మర్చిపోయి ఉంటాడు. ఇది ఏమైనట్టు? గోడ అవతల పుష్పమ్మ గొంతు వినిపిస్తోంది. మాటలు సరిగ్గా తెలియడం లేదు గానీ తన పేరు మాత్రం తెలిసింది.

"వాళ్ళే తీస్కపోయినట్టున్నరు నాయినా," అంది మెల్లగా. తను ఖర్జూరాల మాట అని తలుపు వేసినందుకు కోపం వచ్చి, మూట ఇంకో ఇంట్లో పెట్టుకున్నాడు కాబోలు. ఆ ఇల్లు ఎవరిదో? వీధి చివర పద్మజ వాళ్ళ ఇల్లు కూడా పడమటే కదా. నళినికి ఏడుపు వచ్చింది, పద్మజ మీద ఎందుకు కోపం రావాలో తెలియక ఇంకా ఏడుపు వచ్చింది.

"ముహూర్తం నేను పెడ్తె, మూట వేరేకాడ పెడ్తరా?" అని ఈశ్వరయ్యగారు నొచ్చుకుని తలుపులు మూయించారు. పుష్పమ్మ కూడా మూసింది. రెండు ఇళ్ళూ పౌరుషం గలవే కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు.

శుక్రవారం విఠల్‌రావు బొంబాయి ఏజెంటుకు తార్, అదే టెలిగ్రాం, కొట్టాడు. ఇంట్లో అడ్డంకి, తర్వాతి స్టీమరుకు వస్తానని. జవాబు మర్నాడే వచ్చింది. రెండు వారాల్లో బయలుదేరే ఆ స్టీమరుకూ రాకపోతే ఇక రానవసరం లేదని.

శనివారం సాయంత్రం రైలు వెళ్ళిపోయింది. విఠల్‌రావు ఇంట్లోనే ఉన్నాడు. గోడ అవతల నళిని అతని దగ్గు విని అదిరిపడింది. వెళ్ళలేదా! ఎందుకు వెళ్ళలేదు?

*

ఈశ్వరయ్యగారి ఇంటికి పడమట ఖైసర్ బేగం ఇల్లు. బస్రా రేవులో మున్షీగా లెక్కలు రాసిన భర్తతో అక్కడే సగం వయసు గడిపి వచ్చిన, వాడంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పెద్దావిడ ఆమె. నళిని ఆదివారాలు ఆమె దగ్గర కుట్టు నేర్చుకుంటుంది. తన కళ్ళముందు పెరిగిన విఠల్‌రావు దగ్గర ఆమెకు పరదా లేదు. ఆ ఆదివారం అతను నేరుగా వాకిట్లోకి వచ్చేశాడు. సన్నగా తొలకరి జల్లు మొదలైంది.

నళిని సూది వేలికి గుచ్చుకుంది.

"ఆవో బేటా," అంది ఖైసర్ బేగం. "జహాజు ఎక్కెటోడివి, గీ వానల ఏం చేస్తున్నవ్?"

"ఒక మాట అడుగుదామని వచ్చిన ఖాలా. నళినిని."

అరుగు మీద కూర్చున్న విఠల్‌రావు మొహం వెలిగిపోతోంది. నళినికి ఒళ్ళు మండింది.

"ఏం మాట?"

"మూట ఎందుకు పంపినవ్?"

"నేను పంపుడేంది? నువ్వెందుకు తీస్కపోయినవ్?"

"నేనా? నేనెందుకు తీస్కపోత?"

"మరి నేనెందుకు పంపుత?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. విఠల్‌రావు మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"నువ్వు పంపలేదా? నిజంగ?"

"ఒట్టు."

"మరి నేను తార్ కొట్టిన గదా! అడ్డంకి వచ్చిందని!"

"ఏం అడ్డంకి?"

"నువ్వు!"

"నేను నీకు అడ్డంకినా?"

"అట్ల గాదు... మంచి అడ్డంకి అనుకున్న."

ఖైసర్ బేగం చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "యా అల్లా, ఇద్దరికీ దిమాగ్ ఖరాబైంది. ఎవరన్న నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

చెప్పడానికి సరిగ్గా అప్పుడే సాయిలు వచ్చాడు, బేగంగారి బట్టలతో. మూట అన్న మాట చెవిన పడి ఆగాడు.

"గా తెల్ల మూటనా అమ్మా? నేనే గదా పుష్పమ్మగారి అరుగు మీద పెట్టొచ్చిన. నళినమ్మే తీస్కపొమ్మన్నది."

విఠల్‌రావు గబుక్కున లేచాడు. "చూసినవా! నువ్వే అన్నవ్!"

"మా విడిచిన బట్టల మూట అన్న! నీ మూట గాదు!"

విఠల్‌రావు మళ్ళీ కూర్చుండిపోయాడు. సాయిలు ఇద్దరినీ చూసి, తను ఏదో తప్పు చేశాడని మాత్రం అర్థం చేసుకుని, బట్టలు దించి జారుకున్నాడు.

వాన కాస్త గట్టిపడింది.

"అంటే, నన్ను పోవద్దని నువ్వు అనలే," అన్నాడు విఠల్‌రావు.

"అనలే."

"నేను మూడు దినాలు పిచ్చోని లెక్క సంతోషపడ్డ."

నళిని తల ఎత్తింది. ఆ మాట ఆమెకు తీయగానే వినిపించింది. అయినా గొంతు మెత్తబడనివ్వలేదు. "నువ్వే అన్నవ్ గదా, ఆడోళ్ళకు కష్టమని. నన్ను రావొద్దన్నట్టే గదా."

"రావొద్దని ఎప్పుడన్న? కష్టమని ముందుగాల చెప్పి, తర్వాత అడుగుదామనుకున్న. నువ్వు తలుపేసినవ్."

"ఏం అడుగుదామనుకున్నవ్?"

విఠల్‌రావు ఖైసర్ బేగం వైపు చూశాడు. ఆవిడ కదిలే ఉద్దేశం ఏమీ లేనట్టు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నువ్వు లేకుంట నాకు యాడికీ పోబుద్ధి అయితలేదు నళినీ. నన్ను లగ్గం చేసుకుంటవా? బస్రా వస్తవా? రానంటే నేనూ పోను. కొలువు పోతె పోనీ."

నళిని ఖైసర్ బేగం వైపు తిరిగి, "ఖాలా, అక్కడ నిజంగ అంత కష్టమా?" అంది.

"కష్టమే. ఎండల గోడలు ముట్టుకుంటె చెయ్యి కాల్తది. కరేపాకు దొరకదు. మన మాట మాట్లాడెటోళ్ళు దొరకరు. మొదటి ఏడు రోజూ ఏడ్చిన." ఆవిడ పక్కన పెట్టిన గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "తర్వాత సాయంత్రం ఇద్దరం నది ఒడ్డున కూసుంటుంటిమి. ఆయన పోయినంక తిరిగొచ్చిన గాని, ఆ కష్టం ఇప్పుడు దొరికితె మళ్ళ పోత బేటీ."

నళిని సూది, దారం డబ్బాలో పెట్టి లేచింది. కొంగు తల మీద కప్పుకుని వానలోకి నడిచింది.

"జవాబు చెప్పక పోతున్నవేంది?" విఠల్‌రావు అరిచాడు.

"ఆలోచించొద్దా?" అని అరిచి ఆమె వెళ్ళిపోయింది.

అవునో కాదో తెలియక విఠల్‌రావు వాకిట్లో తడుస్తూ నిలబడ్డాడు. "ఖాలా, ఇది అవునన్నట్టా?"

"నాకేం ఎరుక," అంది ఖైసర్ బేగం నవ్వుతూ.

*

మూట సంగతి తేలాక రెండిళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. పుష్పమ్మ తిట్లన్నీ వెనక్కి తీసుకుంది. ఈశ్వరయ్యగారు పంచాంగం తిరగేసి బుధవారం పొద్దున ఇంకో ఘడియ చూశారు. ఇది కూడా చెడితే ఇక స్టీమరు లేదు.

ఈ రెండు రోజులూ నళిని గోడ దగ్గరికి రాలేదు. విఠల్‌రావుకు అన్నం సయించలేదు. వెళ్ళనని అత్తకు చెబుదామంటే, ఆమె వస్తానంటే ఏం చేయాలి? వెళ్తానందామంటే, రానంటే ఏం చేయాలి? ఎటూ తోచక మూట మాత్రం కట్టాడు.

బుధవారం పుష్పమ్మ తనే మూట పట్టుకుంది. వెనకాల విఠల్‌రావు. ఈశ్వరయ్యగారు గడపలో నిలబడి రెండు చేతులూ చాచారు.

"నాయినా, ఆగు," అని లోపలినుంచి నళిని వచ్చి అడ్డంగా నిలబడింది. "ఆ మూట మనింట్ల పెట్టరాదు."

పుష్పమ్మ నోరు తెరిచింది. జవాబు ఇదన్నమాట, అనుకున్నాడు విఠల్‌రావు.

"ఏం మాటలివి బిడ్డా? ఎందుకు పెట్టరాదు?"

"పయనమయ్యెటోళ్ళ ఇంట్ల వాళ్ళ ప్రస్థానం పెడ్తరా నాయినా? నువ్వే చెప్తవ్ గదా, వేరే వాళ్ళ ఇంట్ల పెట్టాలెనని."

"మనింట్ల ఎవరు పయనమైతున్నరే?"

నళిని వెనక దాచిన చేయి ముందుకు తెచ్చింది. అందులో మడతపెట్టిన ఆకుపచ్చ చీర ఉంది. ఆమె పుష్పమ్మ చేతిలోని మూట ముడి విప్పి, ధోవతి మీద చీర పెట్టి, మళ్ళీ గట్టిగా ముడి వేసింది.

ఈశ్వరయ్యగారు కూతుర్ని చూశారు, పక్కింటి కుర్రాణ్ణి చూశారు. కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే కసురుకున్నారు.

"శాస్త్రంల మూటలకు లగ్గం లేదే! ముందుగాల మీకు గావాలె. జ్యేష్ఠం దాటితె ఆషాఢం. నా పంచాంగం ఏది?"

"పంచాంగం తర్వాత చూడుండ్రి పంతులుగారూ!" పుష్పమ్మ ఏడుస్తూ నవ్వుతూ అంది. "నాకు ఎప్పటి నుంచో ఉన్న కోరికే ఇది. గాని ఘడియ దాటిపోతున్నది, దీన్ని యాడ పెట్టాలె?"

పడమటి గుమ్మంలో ఖైసర్ బేగం పరదా తొలగించి రెండు చేతులూ చాచింది. "ఇటు తేండ్రి, నా ఇల్లుండగ ఫికర్ ఎందుకు?"

నళిని మూట తీసుకుని గడప దిగి నడిచింది. విఠల్‌రావు ఇంకా ఉన్నచోటే ఉన్నాడు. అతనికి అర్థమైంది నిజమో కాదో ఎవరైనా చెబితే బాగుండుననిపించింది.

"నళినీ! అంటే నువ్వు నాతోటి బస్రా వస్తున్నట్టేనా?"

ఆమె వెనక్కి తిరిగింది.

"నేను బయలెల్లిన. నువ్వే ఇంక ఇంటి ముంగట నిలబడ్డవ్."