గాలి సోకని గది

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక చిన్న పోర్షను ఉంది. పోయిన చలికాలం అందులో కిరాయికున్న మొగుడూ పెళ్లాలు పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు. ఒంటి మీద గాటు లేదు, గదిలో వస్తువు కదల్లేదు. "గాలి సోకింది" అన్నారు గల్లీ జనం. రాముణ్ణి తలుచుకుని వినండి తల్లీ, జర దగ్గరికి జరగండి...

ఇప్పుడు అక్కడ విద్యావతి, కొడుకు రవికిరణ్ ఉంటున్నారు. కాన్పుకొచ్చిన కూతురు మృదుల ఉంది, పసిగుడ్డు ఉంది.

ఆ రోజు పొద్దుగూకినప్పటి నుంచీ కరెంటు లేదు. చలి ఎముకలు కొరుకుతోంది. రవికిరణ్‌ది ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే పని — ఊరందరి ఫోన్లూ బతికిస్తాడు, తన ఫోనేమో చచ్చి కూర్చుంది! చీకట్లో రాళ్లకు తన్నుకుంటూ, కరెంటునూ చలినీ తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

తలుపు గడియ వేసి ఉంది.

"అమ్మా... తలుపు తీయ్."

లోపల ఆంజనేయ దండకం వినపడుతోంది. పిలుపు విని తల్లి గొంతు ఇంకా పెంచింది.

"నేనే అమ్మా! చలికి సస్తున్న, తీయ్!"

"థూ, నీ మొకం మండ! నా కొడుకు గొంతుతోని పిలుస్తవా? పో!"

రవికిరణ్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మా గీ లొల్లి? దయ్యమైతే తలుపెందుకు కొడ్తది? సందులకెల్లే వస్తది గదా!"

"గందుకే... సందులన్నీ మూసిన. పాత చీరెలు కుక్కిన. బాలింతకు గాలి సోకద్దు..."

"మరి చలికేం జేసినవ్?"

"కుంపటి పెట్టిన... ఎచ్చగుంది... మస్తు... నిద్రొస్తంది..."

దండకం మళ్లీ మొదలైంది. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది. ఒకే ముక్క... మళ్లీ అదే ముక్క... ఆగిపోయింది.

"అమ్మా!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. పసిబిడ్డ ఏడుపూ లేదు.

తలుపు తన్నాడు — కదల్లేదు. రాయి తీసి కిటికీ అద్దం బద్దలు కొట్టి, చీరెలు లాగిపారేశాడు. లోపల ఎర్రగా కుంపటి... చుట్టూ ముగ్గురూ పడి ఉన్నారు.

చప్పుడుకు పక్కింటి బిచ్చయ్య ఉరికొచ్చాడు. ఇద్దరూ కలిసి తలుపు విరగ్గొట్టి ముగ్గురినీ వరండాలోకి మోశారు. చల్లగాలి తగిలిందో లేదో — పసిది క్యార్‌మంది! స్వామి దయ. బిచ్చయ్య పెళ్లాం జానకి బిడ్డను మృదుల ఒంటికి హత్తించి, ఇద్దరి మీదా రెండు దుప్పట్లు కప్పింది. ఆ వెంటనే అంబులెన్సు, దవాఖాన; ముగ్గురూ గట్టెక్కారు.

"మూసిన గదిలో బొగ్గులు పెడితే వాసన లేని విషం పుడుతుంది" అన్నాడు డాక్టరు. "తల్లి ఒంటి వెచ్చదనం, దుప్పట్లు — పసిబిడ్డకు అంతకన్నా ఏం కావాలమ్మా?"

పోయిన ఏడాది ఆ మొగుడూ పెళ్లాలు పెట్టుకున్నదీ కుంపటేనట. అందరూ ఆ గదిలో గాలి ఉందన్నారు తల్లీ... అక్కడ లేనిదే గాలి!

తెల్లారి రవికిరణ్ రాత్రి కోపమంతా కక్కేశాడు.

"దయ్యం లేదు, గియ్యం లేదు. ఇగనన్న నమ్ముతవా?"

"ఔ బిడ్డా" అంది విద్యావతి. దుప్పటి సర్దుకుంటూ, "మరి నీకన్న ముందుగాల ఒకామె పిలిచింది గదా... 'అక్కా, జర కిటికీ తీయ్, ఊపిరాడ్తలేదు' అని."

"గల్లీలో ఎవరో అయ్యుంటరు. బయటికెల్లి పిలిచిన్రు."

విద్యావతి తల అడ్డంగా ఊపింది.

"బయటికెల్లి గాదురా... నా మంచం పక్కకెల్లి."