అడుగున మిగిలిన పెట్టె

ఆ మధ్యాహ్నం డెలావేర్ నది మీద పొగమంచు దిగింది. పాటు వేళ, నీరు బాగా తగ్గింది. బిల్లింగ్స్‌పోర్ట్ రేవు దిగువన రెండు ఖాళీ పడవలను జతగా కట్టి, వాటి మధ్య దూలం మీంచి గొలుసు దించుతున్నారు. నీళ్లడుగున పెట్టెకు గొలుసు బిగిస్తే చాలు. పోటు వచ్చినప్పుడు పడవలు లేస్తాయి, వాటితోబాటు పెట్టె కూడా లేస్తుంది.

ఇంగ్లండు రాజు ఓడలు ఫిలడెల్ఫియా మీదికి రాకుండా యుద్ధంలో దించిన పెట్టెలవి. గదంత చెక్కపెట్టెలు, వాటినిండా రాళ్లు, పైన ఓడల కడుపు చీల్చే ఇనపమొనల దూలాలు. యుద్ధం గెలిచారు. ఇప్పుడు తమ ఓడలకే అవి అడ్డమయ్యాయి. ఏ పెట్టె ఎక్కడుందో ప్రమాణం చేసిన కొద్దిమంది సరంగులకే తెలుసు. వాళ్లలో ఎనాక్ డాల్బో ఒకడు.

"ఇక్కడ పెట్టె లేదని చెప్పానుగా!" అన్నాడు ఎనాక్.

"మరి నా గొలుసు దేనికి తగులుకుంది, మీ తాత పళ్లకా?" అన్నాడు మేస్త్రీ హోసియా. "లేని పెట్టెకు అంత చెమటలెందుకయ్యా సరంగూ?"

పడవ చివర మొక్కజొన్న రొట్టెల బుట్టతో టమర్ కూర్చుంది. ఎనాక్‌కు వదిన. ద్రోహి పెళ్లాం చేతి రొట్టె అని పనివాళ్లు నేలమీద ఉమ్మేవాళ్లు, ఆకలేస్తే మాత్రం కొనేవాళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఆమె మొగుడు ఆషర్ ఈ నది మీదే మాయమయ్యాడు. శత్రువుకు దారి అమ్ముకుని పారిపోయాడని సాక్ష్యం చెప్పింది ఎనాకే. టమర్ మరిదిని ఏనాడూ తిట్టలేదు. ఊరికే చూసేది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించేది.

నిజం అతనొక్కడికే తెలుసు. ఇంటికొక్కడికే నది రహస్యం చెబుతారు, అది పెద్దవాడైన ఆషర్‌కే దక్కింది. అన్న లేకపోతే అది తనదే. ఆ రోజు ఆషర్ తేలుతున్న పెట్టెలోకి దిగి సందులు పూడుస్తున్నాడు. రాళ్లు పోసేముందు పైవాడు "అయిందా?" అని అడగాలి. లోపలివాడు కొయ్యసుత్తితో మూడు దెబ్బలు కొట్టి, పైకి రావాలి. ఎనాక్ అడగలేదు. రాళ్లు వదిలేశాడు. పెట్టె మునుగుతుంటే లోపల్నుంచి దెబ్బలు వినిపించాయి. ఏమిటా చప్పుడని పక్క పడవవాడు అడిగితే, "నీళ్ల మోతలే" అన్నాడు.

పోటు మొదలైంది. గొలుసు బిగుసుకుంది. కుళ్లు బురద వాసన లేచింది. పడవలు మూలుగుతున్నాయి...

టక్... టక్...

కాస్త ఆగి... టక్.

టమర్ లేచి నిలబడింది. రోజూ ఇంటి తలుపు అలాగే కొట్టేవాడు ఆషర్. రెండు గబగబా, ఆగి ఒకటి.

"ఎనాక్, ఆ దెబ్బలెవరివి?" అంది గుసగుసగా.

"నీళ్ల... నీళ్ల మోతలే వదినా." అంతలోనే గొడ్డలి అందుకుని గొలుసు మీదికి ఉరికాడు. "వదిలేయండి! ముంచేయండి దాన్ని!"

హోసియా వెనకనుంచి ఒడిసిపట్టాడు. పెట్టె తేలింది. దాన్ని గట్టుకు లాగి, పలకలు ఊడదీసి, రాళ్లు తీశారు. మనిషి లేడు. ఒక్క ఎముక లేదు. ఆషర్ గుర్తు చెక్కిన కొయ్యసుత్తి మాత్రం ఉంది. పలకల లోపలివైపంతా దాని గుంటలే. కొట్టి కొట్టి చెక్క కాగితమంత పలచబడిపోయింది.

"ఒక్క రోజు దెబ్బలు కావివి," అన్నాడు హోసియా. అతని గొంతులో ఎకసెక్కం పోయింది.

టమర్ సుత్తిని శాలువలో చుట్టుకుంది. "పారిపోయాడన్నావు కదూ," అని మాత్రం అంది.

ఎనాక్ దీపాలవేళకే ఇల్లు చేరి గడియ వేశాడు. కిటికీలు బిగించాడు. శవం లేదు, రుజువూ లేదు, తెల్లారేలోగా ఊరు దాటేస్తే సరి. ఇంటికీ నదికీ మధ్య అరమైలు దూరం. అయినా బురద వాసన... పైకప్పు మీద ఏదో బరువుగా కదిలింది. నీటిబొట్టు ఒకటి మెడ మీద పడింది.

"అయిందా తమ్ముడూ?"

ఆ గొంతు అతనికి తెలుసు. తలుపు కేసి పరుగెత్తాడు... గడియ రాలేదు.

"అయిందా?"

పొద్దున ఎనాక్‌ను నిలదీయడానికి హోసియా మనుషులతో వచ్చాడు, వెనకే రొట్టెల బుట్టతో టమర్ కూడా. తలుపు కదల్లేదు. కిటికీ సందులోంచి చూస్తే నేలనుంచి వాసాలదాకా రాళ్లు. నది రాళ్లు, తడివి. పైకప్పు చెక్కుచెదరలేదు. లోపల్నుంచి సన్నగా దెబ్బలు వినిపించాయి.

"అమ్మా! లోపల మనిషున్నాడు!" హోసియా తలుపును భుజంతో తోశాడు.

టమర్ తలుపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత రొట్టెల బుట్ట ఎత్తుకుంది.

"నీళ్ల మోతలే," అంది.

సాయంత్రానికి రాళ్లన్నీ తీశారు. ఎనాక్ లేడు. గోడ పలకల నిండా సుత్తి గుంటలు ఉన్నాయి, సుత్తి మాత్రం దొరకలేదు. ఆ ఇంట్లో సుత్తే లేదన్నారు ఇరుగుపొరుగువాళ్లు.

ఆషర్ సుత్తి రాత్రంతా టమర్ ఇంట్లో బల్ల మీదే ఉంది. ఆమె ఇల్లు చేరి చూసేసరికి దాని పిడి తడిగా ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.