చుట్టు తెగని దుంప

తరుణ్ మొదటిరోజే దగ్గి దగ్గి హిమజ బేరం చెడగొట్టాడు.

మాచర్ల బస్టాండు ఎదురుగా ఆమె, తల్లి శేషారత్నం కలిసి బండి పెట్టి పదిహేను రోజులే అయింది. విజయవాడ మాల్‌లో తిన్న కర్లీ ఫ్రైస్ హిమజకి మరీ చప్పగా అనిపించి, తనే ఓ పద్ధతి కనిపెట్టింది. మిషన్ మీద స్ప్రింగులా తిప్పిన బంగాళాదుంపని చన్నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, పల్చటి శనగపిండిలో ముంచుతుంది. మిరపకారం, వెల్లుల్లి, వాము ఆ పిండిలోనే. రెండుసార్లు వేయిస్తే కరకరలాడుతుంది, కారం దుంపని వదలదు.

ఆ ఘాటుకే అతను వంగిపోయి దగ్గుతుంటే, కొనడానికి నిలబడ్డ ఇద్దరూ మాకొద్దని వెళ్ళిపోయారు.

"కారం తినలేనోడివి పల్నాట్లో ఎట్టా పుట్టావయ్యా?"

"కారం బ్రహ్మాండం," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చుట్టే బాగా రాలా. మధ్యలో తెగిపోతంది. బ్లేడుకి పదును లేదు."

"నువ్వేమన్నా ఇంజినీరువా?"

"కాదు. దుర్గిలో రాతి బొమ్మలు చెక్కేటోళ్ళం."

సంచిలోంచి సానరాయి తీసి బ్లేడుకి పదును పెట్టాడు. దుంప మొత్తం ఒకే చుట్టుగా దిగింది. తొక్కలు తీస్తున్న శేషారత్నం కూడా చెయ్యి ఆపి చూసింది.

ఇక రోజూ సాయంత్రం తరుణ్ బస్సు దిగడం, మిషన్ తిప్పడం, దగ్గడం.

"చాల్లే యాక్టింగ్! నా కారాన్ని బద్నాం చేస్తన్నావు," అనేది హిమజ. కానీ ఐదున్నర బస్సు లేటయితే ఆమె చెయ్యి పిండిలో, చూపు రోడ్డు మీద ఉండేవి.

ఓ సాయంత్రం జడివాన పట్టుకుంది. చుట్టూ టార్పాలిన్ దించారు. బయటికి దారిలేని నూనెపొగ లోపలే కమ్మింది. తరుణ్ దగ్గుతూ దగ్గుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. హిమజ టార్పాలిన్ లాగేసి అతన్ని వానలోకి ఈడ్చుకెళ్ళింది.

కాసేపటికి తేరుకుని చెప్పాడు. "పన్నెండో ఏట ఉలి పట్టా. రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే ఉందంట. ఇంక తగ్గేది కాదంట. పొగ దగ్గరికి అసలే పోవద్దన్నాడు డాక్టరు."

"మరెందుకొచ్చావు?"

"పొగ కోసం రాలా. నీకోసం వచ్చా."

ఇన్నాళ్ళూ తను వెక్కిరించింది ఈ దగ్గునా అని హిమజకి దుఃఖం పొంగుకొచ్చింది. వానలో ఎవరికీ కనపడదని గట్టిగానే ఏడ్చింది.

మర్నాడు పిండిలో కారం వెయ్యలేదు. "ఇదేందమ్మా, పేషెంట్లకి పెట్టినట్టు!" అని జనం ప్లేట్లు వదిలేసిపోయారు. మూడోరోజు హిమజ బండి ఎత్తేస్తానంది.

"నా మూలంగా నీ పొయ్యి ఆరితే నేనింక ఈ ఊళ్ళో బస్సే దిగను," అన్నాడు తరుణ్. మిషన్, బకెట్ తీసుకుని రోడ్డవతల మెడికల్ షాపు మెట్ల మీద కూర్చున్నాడు. దుంపలు అక్కడ తిప్పుతాడు, హిమజ వచ్చి పట్టుకెళ్ళి మళ్ళీ కారప్పిండిలో ముంచుతుంది. మధ్యలో బస్సులు. మాటలన్నీ ఇయర్‌ఫోన్స్‌లోనే.

"ఆ పసుపు చున్నీ బాగుంది."

"పని చూసుకో."

"తరుణ్," అంది ఓరోజు, మూకుడులోంచి తలెత్తకుండా. "మనం పెళ్ళి చేసుకుందాం."

అవతల మిషన్ ఆగింది.

"పిచ్చా ఏంది నీకు? నేనెన్నాళ్ళుంటానో డాక్టరే చెప్పలా."

"అందుకే అడుగుతున్నా. ఉన్నన్నాళ్ళూ ఇట్టా రోడ్డవతలే కూర్చుంటావా?"

అతను ఏడుపు ఆపుకునే చప్పుడు ఆమె చెవిలో పడింది. హిమజ చెయ్యి కడుక్కుని, మంచి గిరాకీ వేళ బండి వదిలేసి రోడ్డు దాటింది. మెట్ల మీద అతని పక్కన కూర్చుని, తడిచేతిని చేతిలోకి తీసుకుంది.

"వెళ్ళు, కస్టమర్లు పిలుస్తున్నారు," అన్నాడు.

హిమజ లేవలేదు. బండి దగ్గర శేషారత్నం వాళ్ళిద్దర్నీ చూసింది. కళ్ళొత్తుకుంది. తర్వాత కొంగు నడుముకి దోపి, చిల్లుల గరిటె అందుకుంది.

"ఏమే! నువ్వాడనే కూర్చో," అని కేకేసింది. "రేపట్నుంచి పొయ్యి నేను చూసుకుంటా. నువ్వు అబ్బాయి దగ్గరుండు."