చివరి మనిషి వెనక

జులై నెల, భూమికి ఆ దక్షిణపు కొసన నడి చలికాలం. ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు. అడవి దారి మొదలయ్యే చోట, కంకర పోసిన కాస్త జాగాలో నాలుగు బళ్లు ఆగి ఉన్నాయి. వార్విక్ తన ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద టీ ఫ్లాస్కూ, ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన వేడివేడి స్కాలప్ పైల పొట్లమూ పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఈ అడవిలోనే చెట్లు నరికాడు. ఆ తర్వాత నుంచి పరుగుల క్లబ్బుకి కోచ్‌గా ఉండి వాళ్ల ప్రాణాలు తీస్తున్నాడు. రెండు పనులకీ ఒకటే నోరు వాడతాడు.

కొరిన్ ఏడు వారాల తర్వాత ఆ రోజే మళ్లీ వచ్చింది. నలభై రెండేళ్లు, ఆపిల్ పళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో పని. సెలవలకని బాలీ వెళ్లి, అక్కడ అద్దె స్కూటర్ మీంచి పడి, ఎడమ మోకాలు చెడగొట్టుకుని వచ్చింది. కొండ రిలే పందెం దగ్గర పడుతోంది, ఇప్పుడు సెలవు పెట్టొద్దని వార్విక్ చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఈవిడ వింటేగా.

"ఏమ్మా బాలీ మహారాణీ, కాలు తెచ్చుకున్నావా, అక్కడే వదిలేశావా?" అన్నాడు వార్విక్.

"తెచ్చుకున్నా. నీ నోరు ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదే?"

టామ్సిన్ పకపకా నవ్వింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. కొరిన్ లేని ఏడు వారాలూ జట్టులో కొరిన్ చోట పరిగెత్తింది. "పెద్దావిడా, నువ్వు ఇక్కడే కూచుని ఆ పైలు తిను. ఎవరూ ఏమీ అనుకోరు," అంది.

పుండు మీద కారం చల్లినట్టయింది. రిలేకి నలుగురు కావాలి. పదకొండేళ్ల కిందట ఆ జట్టు పెట్టిందే కొరిన్. మొగుడు వదిలేసి వెళ్లిపోయిన ఏడాది ఆమెని మంచం మీంచి లేపిందీ ఆ పరుగే. ఆ నాలుగో చోటు కూడా పోతే తనకంటూ ఏమీ మిగలదని ఆమెకి బాగా తెలుసు.

"అడవి చుట్టి మళ్లీ ఇక్కడికి పద్దెనిమిది కిలోమీటర్లు," అన్నాడు వార్విక్. "చీకటి పడి నేను బండి లైట్లు వెయ్యకముందు నీ కాళ్ల మీద నువ్వొస్తే చోటు నీది. రాకపోతే టామ్సిన్‌ది. ఏడుపులూ పెడబొబ్బలూ నా దగ్గర చెల్లవు."

ఈ అడవిలో పరిగెత్తేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. అందరికంటే నెమ్మదైన మనిషి వెనక ఇంకొకరు ఉంటారు. వాళ్లని తోక అంటారు. చివరి మనిషి నడిస్తే తోక నడుస్తుంది, కూలబడితే తోకా కూలబడుతుంది. ఏం జరిగినా దాటి ముందుకు పోదు. దాటిందంటే, వెనక ఒక మనిషి మిగిలి ఉందన్న సంగతి లోకంలో ఎవరికీ తెలీదు. లోపల ఫోన్లు పలకవు.

ఆ రోజు తోక డెల్. యాభై ఎనిమిదేళ్లు, సముద్రంలో సాల్మన్ చేపలు పెంచే చోట పని చేస్తాడు. పన్నెండేళ్లుగా కొరిన్‌తో పరిగెడుతున్నాడు. ఒళ్లంతా నొప్పుల మందు పూసుకొస్తాడు, పది గజాల అవతలి నుంచే ఆ ఘాటు ముక్కుకి కొడుతుంది. పసుపు జాకెట్ జిప్పు లాక్కుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"పద కొరిన్. నీ వెనక నేనున్నా."

మిగిలినవాళ్లు పావుగంటలో కనుమరుగయ్యారు. టామ్సిన్ నవ్వు కాసేపు చెట్ల మధ్య వినిపించి ఆగిపోయింది. దారి సన్నగా ఉంది, ఒక్క మనిషికి సరిపోయేంత. పైన మర్టిల్ చెట్లు ఆకాశాన్ని మూసేశాయి. అటూ ఇటూ మనిషికి రెండింతల ఎత్తున ఫెర్న్ చెట్లు, వాటి మొదళ్ల నిండా తడి నాచు. కుళ్లిన దుంగల వాసన, నానిన బెరడు వాసన. పట్టపగలే అక్కడ దీపం పెట్టుకోవాలనిపించేంత మసక.

కొరిన్ చూపు దారిలో పైకి తేలిన చెట్ల వేళ్ల మీంచి తియ్యలేదు. కాలు మెలిపడకూడదని, పరిగెడుతూ వెనక్కి తిరగకూడదని ఫిజియో గట్టిగా చెప్పింది. అందుకని తల తిప్పకుండానే అప్పుడప్పుడూ "ఉన్నావా?" అనేది. వెనక నుంచి "ఉన్నా" అని డెల్ అనేవాడు.

వాగు మీద అడ్డంగా వేసిన దుంగ దాటేసరికి మోకాలు నొప్పి పెట్టడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత లోపల మేకు దిగుతున్నట్టు.

"చిన్న అడుగులు," అని వెనక నుంచి డెల్ గొంతు. "చిన్న అడుగులెయ్యి."

వేసింది. కొంచెం నయమనిపించింది. డెల్ లాంటి మనిషి వెనక ఉన్నందుకు ప్రాణం కుదుటపడింది.

"ఇంకా చిన్నవి," అంది గొంతు. కాసేపాగి, "వాళ్లు చాలా దూరం పోయారు."

"తెలుసులే."

"నీకోసం ఎవరూ ఆగరు."

"నువ్వు తోడొచ్చావా, ఎత్తిపొడవడానికొచ్చావా?"

వెనక అడుగుల చప్పుడు మాత్రం సాగింది. తప్... తప్... తప్. సరిగ్గా ఆమె అడుగు పడ్డాక పడుతున్నాయి. తర్వాత, మామూలుగా వాన గురించి చెప్పినట్టు, గొంతు మళ్లీ అంది. "మొగుడూ ఇంతే కదా. ఆగమని ఏడ్చావు. ఆగలేదు."

కొరిన్‌కి ఒళ్లు మండింది. పన్నెండేళ్లలో డెల్ నోట ఆ ఊసు ఒక్కసారి రాలేదు. బాలీ వెళ్లినందుకు ఈయనకీ కోపంగా ఉందేమో, అందరితో పాటు ఈయనా ఒక రాయి వేద్దామనుకుంటున్నాడేమో అనుకుంది. రోషంతో వేగం పెంచింది. ఎక్కుడు దారిలో రెండు వందల గజాలు కూడా పోలేదు, మోకాలు మడతపడింది. పడిపోయిన ఒక చెట్టు మీద కూలబడింది.

వెనక అడుగులు ఆగాయి.

"ఒక్క నిమిషం," అంది కొరిన్, మోకాలు రెండు చేతులతో పట్టుకుని.

"ఎంతసేపైనా కూచో. ఇక్కడే ఉండిపో. ఉంటే మంచిది."

అప్పుడు లోయలోంచి గాలి లేచింది. వెనక నుంచి వచ్చి ఆమె మెడకి తగిలింది. ఆ గాలిలో నొప్పుల మందు వాసన లేదు. తడి బూట్లని నెలల తరబడి మూల పడేస్తే వచ్చే ముక్కిన వాసన ఉంది.

"డెల్?"

"ఊఁ."

"పక్కకి రా. చెయ్యి పట్టుకుని లేపు."

"నేను దాటను."

"దాటమన్లేదు. పక్కకి రమ్మంటున్నా."

"చివరి మనిషి వెనకే నేనుంటా..."

ఫిజియో మాట పక్కనపెట్టి కొరిన్ వెనక్కి తిరిగింది. దారి ఖాళీగా ఉంది. ఫెర్న్‌లు కదలకుండా ఉన్నాయి. ఒక్క ఆకు మాత్రం, ఎవరో ఇప్పుడే వదిలినట్టు, ఊగుతోంది.

"అటు కాదు."

మాట ఆమె వీపు వెనక నుంచి వచ్చింది. ఇటు తిరిగితే అటు నుంచి.

కొరిన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా లేచిందో ఆమెకే తెలీదు. ఒక కాలి మీద గెంతుతూ, చెట్లు పట్టుకుంటూ, వేళ్లు తన్నుకుంటూ పడిపోయింది. లేచింది. వెనక తప్... తప్. ఆమె కుంటితే అదీ కుంటింది. దగ్గరకి రాలేదు. దూరమూ కాలేదు.

మలుపు దగ్గర పసుపు రంగు కనిపించింది. ఎదురుగా, ముందు నుంచి, డెల్ వస్తున్నాడు. ఘాటైన మందు వాసన ఆయనకంటే ముందు వచ్చింది.

"అమ్మయ్య, కనిపించావా!" అన్నాడు రొప్పుతూ. "నన్ను తిట్టుకోకు. వార్విక్ పక్క రోడ్డు మీద బండేసుకుని వాగు దగ్గరికొచ్చి, చేత్తో సైగ చేసి నన్ను అటు లాగాడు. వెనకెవరైనా ఉంటే అది పరీక్ష ఎలా అవుతుందని గోల. పీక మీద కత్తి పెట్టినా తోక లేకుండా మనిషిని వదలకూడదన్నాను, వాడితో పోట్లాడి చుట్టూ తిరిగొచ్చా. ఎవరితోనో మాట్లాడుతున్నావేంటి?"

వెనక చప్పుడు ఆగిపోయింది. అది వింటోందని కొరిన్‌కి తెలుసు.

చెప్పడానికి నోరు తెరిచింది. చెప్తే ఈ సంగతి వార్విక్ చెవిన పడుతుంది. భయంతో మతి చెడిందంటారు, చోటు టామ్సిన్‌కి పోతుంది. ఇది ఆమె తనకి తాను చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. ఆ వెనకున్నది చివరి మనిషి వెనకే ఉంటుంది. డెల్ తన వెనక నిలబడితే, చివరి మనిషి తను కాదు.

ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే నోరు మూసుకుంది.

"నాతో నేనే మాట్లాడుకుంటున్నా," అంది.

"పద అయితే. చీకటి పడేలోపు చేరదాం." డెల్ ఫెర్న్‌లలోకి ఒక అడుగు తప్పుకుని ఆమెకి దారిచ్చాడు. ఆమె దాటాక మళ్లీ దారిలోకి వచ్చాడు. పన్నెండేళ్లుగా చేస్తున్న పనే అది.

కాసేపటి వరకు డెల్ బరువైన అడుగులే వినిపించాయి. ఆ తర్వాత వాటి వెనక ఇంకో అడుగు. ఒక కాలు ఈడుస్తున్న అడుగు.

"ఏంటి కొరిన్?" అన్నాడు డెల్.

ఆమె ఆయన్ని పిలవనే లేదు.

"నొప్పా? సరే సరే, ఆగుతున్నాలే..." ఆ గొంతు అటు తిరిగి ఉంది. ఆమె వైపు కాదు, వెనక్కి. తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది. మొగుడు వెళ్లిన రాత్రి వంటింట్లో తను ఏడ్చిన ఏడుపే అది. ఎక్కిళ్లతో సహా.

కొరిన్ పరిగెత్తింది. వెనక్కి చూడలేదు, పిలవలేదు. ఎత్తులూ పల్లాలూ బురదా ఏవీ తెలీలేదు. మోకాల్లో నొప్పి ఎక్కడా లేదు. ఏడు వారాల ముందు కూడా ఆమె ఎప్పుడూ అంత వేగంగా పరిగెత్తలేదు.

చెట్ల మీంచి వెలుతురు పూర్తిగా పోతుండగా కంకర నేల మీదకి వచ్చి పడింది. వార్విక్ ట్రక్కు తలుపు తీసి, లైట్ల మీట మీద వేలు పెట్టి ఉన్నాడు. చేతి గడియారం చూశాడు. ఆమె కాలు చూశాడు.

"దొంగముండా, ఏం పరిగెత్తావే!" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలు. "చోటు నీది."

టామ్సిన్ కప్పులో టీ కంకర మీద పారబోసింది. మిగిలినవాళ్లు అప్పటికే ఇళ్లకి పోయారు.

"డెల్ గాడేడీ?" అన్నాడు వార్విక్. "నీకోసం వచ్చాడుగా."

"వెనకొస్తున్నాడు," అంది కొరిన్.

అరగంట గడిచింది. లైట్లు వేశారు. ఆ వెలుతురులోకి డెల్ నడుచుకుంటూ వచ్చాడు. ఒంటి మీద జాకెట్ లేదు, చొక్కా తడిసి ముద్దయింది. అడవిలోంచి తోక బయటికొచ్చాక వెనక ఎవరూ లేరని చెప్పాలి. అప్పుడే అందరూ బళ్లెక్కుతారు.

"ఎవరూ లేరుగా?" అన్నాడు వార్విక్.

"ఉంది," అన్నాడు డెల్. "కొరిన్ అక్కడే ఉంది. మోకాలు పట్టుకుని కూచుంది. చలికి వణుకుతుంటే నా జాకెట్ ఇచ్చా. టార్చి ఇవ్వు, వెళ్లి తీసుకొస్తా."

టామ్సిన్ నవ్వింది. "కొరిన్ ఇక్కడుంది కదయ్యా మహానుభావా!"

డెల్ కొరిన్‌ని చూశాడు. ఆశ్చర్యపోలేదు. "అవును," అన్నాడు. "ఇక్కడా ఉంది."

కొరిన్ ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, నానిన బెరడులా ఉంది. "వెళ్లకు డెల్. అది నేను కాదు. నువ్వు రాకముందు నా వెనకున్నది అదే. నాకు తెలుసు. తెలిసే నిన్ను వెనక ఉండనిచ్చాను." చోటు పోతే పోయిందనుకుని అందరి ముందూ చెప్పేసింది.

"తెలుసు," అన్నాడు డెల్ మెత్తగా. "ఆమె చెప్పింది. నువ్వు అలా చేశావనే ఏడుస్తోంది పాపం."

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, బండి మీది టార్చి తీసుకుని చెట్లలోకి వెళ్లిపోయాడు.

వార్విక్ బూతులు తిట్టాడు. ఇంకో టార్చి పట్టుకుని వెనకే పోయాడు. రెండు వెలుగులు చెట్ల మధ్య కాసేపు కనిపించాయి. తర్వాత ఒకటే కనిపించింది. టామ్సిన్ తన కారులో కూర్చుని అద్దాలు ఎక్కించుకుంది. కొరిన్ కంకర మీద నిలబడి చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు.

పావుగంటకి వార్విక్ ఒక్కడే వచ్చాడు. మోకాళ్లు అరిగిపోయి పదేళ్లుగా పరుగు మానేసిన మనిషి, పరిగెత్తుకుంటూ వచ్చాడు. ట్రక్కెక్కి తలుపులకి తాళం వేసుకున్నాడు. అద్దం రెండు వేళ్ల మందాన దించాడు.

"డెల్ ఏడీ?" అంది కొరిన్.

"పిలిచా. పలకలా. వాగు అవతల ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు... గుసగుసగా."

"డెల్లూ, అదీనా?"

వార్విక్ తల అడ్డంగా ఊపాడు. ఆ నోట్లో తిట్టు కూడా మిగల్లేదు.

"ఇద్దరూ ఆడవాళ్లే," అన్నాడు. "రెండూ నీ గొంతే."

కొరిన్ ట్రక్కు తలుపు లాగింది. వార్విక్ అద్దంలోంచి ఆమె మొహంలోకి, ఆ మనిషి ఎవరో పోల్చుకోవాలన్నట్టు, చాలాసేపు చూశాడు. తాళం తియ్యలేదు.